చీనీ అంటే పండా, చక్కెరా? తిరుపతి జ్యూస్ కొట్టు నుంచి ఒక డౌట్

జ్యూస్‌కొట్టు తిరుపతి:

అందరికీ నమస్కారం. నాది తిరుపతి బస్టాండు దగ్గర జ్యూస్ కొట్టు. పన్నెండేళ్లుగా నడుపుతున్నా. చదువు ఇంటర్ దాకానే. కానీ కొట్లో నిలబడితే రోజుకు అయిదారు భాషలు చెవిన పడతాయి, ధర చెప్పేంత మటుకు అన్నీ వచ్చు.

మొన్న శనివారం జరిగింది ఇది. కొండ దిగి వచ్చిన కుటుంబం ఒకటి, అందరివీ గుండ్లు, చేతుల్లో లడ్డు కవర్లు. హిందీ వాళ్లు. అందులో పెద్దాయన బుట్టలోని చీనీకాయలు చూపించి నాలుగు వేళ్లు ఎత్తి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "చీనీ నహీ, చీనీ బిల్కుల్ నహీ" అన్నాడు. షుగర్ ఉన్నట్టుంది పాపం. నేను చిల్లర కోసం పక్క కొట్టుకు పోయి ఉన్నా. మిషన్ దగ్గర కొత్తగా చేరిన పిల్లోడు. వాడిది పులివెందుల పక్కన పల్లె, వాళ్ల నాయనకు రెండెకరాల చీనీ తోట. వాడికి చీనీ అంటే ఇంకో అర్థం ఉంటుందని కల్లో కూడా తెలియదు.

నేను తిరిగొచ్చేసరికి ముగ్గురి చేతుల్లో చీనీ రసం, పెద్దాయన చేతిలో ఎర్రగా దానిమ్మ రసం. అది కూడా రెండు చెంచాల చక్కెర వేసి. ఆయన ఒక్క గుక్క తాగి గ్లాసును అట్లనే పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోప్పడలేదు, ఆ నిలబడటం చూస్తేనే నాకు టెన్షన్ వచ్చేసింది. పిల్లోణ్ణి తిడితే వాడు ఏడుపు మొహం పెట్టి, "చీనీ వద్దని ఆయనే కదన్నా చెప్పింది! అందుకే దానిమ్మ ఇచ్చినా. దానిమ్మ చప్పగా ఉండాదని చక్కెర నేనే వేసినా" అన్నాడు. వాడి లెక్కలో వాడు తప్పే చేయలేదు. ఆ దానిమ్మ తొంభై రూపాయలు నాకు పోయింది, అది వేరే సంగతి.

అప్పటి నుంచి నా బుర్రలో ఇదే తిరుగుతోంది. మనకు చీనీ అంటే పండు. హిందీ వాళ్లకు చక్కెర. నిన్న ఒక మదురై ఆయన్ని అడిగితే వాళ్ల పక్క కూడా చక్కెరను "సీని" అంటారంట. ఇంకో పక్క చీనా అంటే దేశం. ఇవన్నీ ఒకే మాటా, లేక వేరే వేరే మాటలు కలిసిపోయాయా?

ఇంకో సంగతి. కొట్టుకు కొత్త ఫ్లెక్స్ వేయిస్తున్నా. ఈ ఒక్క పండుకే నాలుగు పేర్లు. మనోళ్లు చీనీ, హైదరాబాద్ వాళ్లు బత్తాయి, తమిళోళ్లు సాత్తుకుడి, ఉత్తరాది వాళ్లు మోసంబి. బోర్డులో జాగా ఒక్క పేరుకే ఉంది. ఏది రాయమంటారు?

మదనపల్లె టమోటా:

అన్నా, దేశం గీశం ఏమీ లేదు. పంపరపనస పెద్దకాయ, ఇది చిన్నకాయ. చిన్నికాయ, చిన్నికాయ అని చీనీకాయ అయింది. మా తాత చెప్పినాడు. బోర్డు మీద చీనీ అనే రాయి, మన ఊళ్లో మన మాట.

చిత్తూరు అయ్యవారు:

చిత్తూరులో ముప్ఫై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. మీ దానిమ్మ కథ మా ఇంట్లో పైకి చదివి వినిపించాను. మా ఆవిడకూ షుగరే, ఆ పెద్దాయన మీద జాలిపడింది.

టమోటా తమ్ముడూ, మీ తాతగారి మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నా, అది చిన్ని కాదు. నిమ్మకాయ దానికన్నా చిన్నది, దాన్నెవరూ చిన్నికాయ అనలేదు కదా. చీనీ అంటే చీనా దేశానిది. చక్కెర చీనీ, పండు చీనీ, రెండూ ఆ ఒక్క మాటే. పండు ఒక దారిన వచ్చింది, చక్కెర ఇంకో దారిన.

చీనా అన్న మాట మనకు పండుతో రాలేదు, గుడ్డతో వచ్చింది. చిన్నప్పుడు కథల్లో రాజకుమార్తె "చీని చీనాంబరాలు" కట్టుకుని వచ్చేది గుర్తుందా? అవి చైనా పట్టుచీరలు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చీనపట్టం ఉంది. కాళిదాసు శాకుంతలం మొదటి అంకం చివర దుష్యంతుడు శకుంతలను వదిలి పోలేక పోతూ అంటాడు: ఒళ్లు ముందుకు నడుస్తోంది, మనసేమో ఎదురుగాలికి జెండా గుడ్డ వెనక్కి కొట్టుకున్నట్టు వెనక్కే పరుగెడుతోంది అని. ఆ జెండా గుడ్డకు ఆయన వాడిన మాట చీనాంశుకం. క్రీస్తుకు పూర్వం 221లో చైనాను ఒక్కటి చేసిన చిన్ వంశం పేరు నుంచే చీన అన్న మాట వచ్చిందని ఎక్కువ మంది చెబుతారు. చైనా వాళ్లు మాత్రం తమ దేశాన్ని జోంగ్వో అనుకుంటారు, నడిమి దేశం అని.

ఇక పండు. దీంట్లో నాకు భలే ఇష్టమైన ముచ్చట ఒకటుంది. ఏడో శతాబ్దంలో మన దేశం వచ్చిన హ్యూన్‌త్సాంగ్ పంజాబు ప్రాంతంలో చీనభుక్తి అనే చోట ఆగాడు. కనిష్కుడి కాలంలో చైనా పడమటి దిక్కు నుంచి తెచ్చిన బందీలను అక్కడ ఉంచారట. అంతకు ముందు ఆ ప్రాంతంలో పీచ్ పండూ బేరి పండూ లేవట, వాటిని నాటింది ఆ బందీలేనట. అందుకని అక్కడివాళ్లు పీచ్‌ను "చీననీ" అనీ, బేరిని "చీనరాజపుత్ర" అనీ పిలుస్తున్నారని ఆయనే రాసిపెట్టాడు. చూడండి, పులివెందులలో చీనీ తోటలు వేయడానికి పన్నెండు వందల ఏళ్ల ముందే ఈ దేశంలో చీనా పేరుతో ఒక పండు ఉంది. అది నారింజ జాతి కాదు, అంతే. ఇంకో తమాషా, అదే పీచ్ పర్షియా మీదుగా యూరప్ చేరింది కాబట్టి వాళ్లు దాన్ని పర్షియా పండు అనుకున్నారు. శాస్త్రనామం ఇప్పటికీ "ప్రూనస్ పెర్సికా". ఒక్క పండే, ఇక్కడ చైనాది, అక్కడ పర్షియాది. ఎవడి చేతి నుంచి అందుకుంటే వాడి ఊరి పేరు.

తియ్య నారింజ కూడా అంతే. యూరప్‌లో ముందు ఉన్నది పుల్ల నారింజ. తియ్యటిది పోర్చుగీసు ఓడల వాళ్లు తూర్పు నుంచి పట్టుకెళ్లాక బాగా పాకింది. మా అబ్బాయి నెదర్లాండ్స్‌లో ఉంటాడు. వాళ్ల దగ్గర మూడు నెలలు ఉన్నప్పుడు ఫ్రిజ్‌లో జ్యూస్ డబ్బా మీద "సీనాసాపెల్" అని ఉండేది. ఏమిట్రా ఇది అంటే ఆరెంజ్ నాన్నా అన్నాడు. విడదీస్తే సీనా, ఆపెల్. చైనా ఆపిల్! జర్మన్‌లో తిరగేసి ఆప్ఫెల్‌జీనె అంటారు, రష్యన్‌లో అపెల్సిన్. అమెరికా పక్కన ప్యూర్టోరికో ద్వీపంలో అయితే తోక కూడా లేదు, పండు పేరే "చినా". అంటే మీ పులివెందుల పిల్లోడు ప్యూర్టోరికోలో జ్యూస్ కొట్టు పెడితే ఒక్క గ్లాసు కూడా తప్పు పోదు. బటానీ పుస్తకాల్లో కూడా సిట్రస్ సైనెన్సిస్ అనే ఉంటుంది, చైనా నిమ్మజాతి అని.

చక్కెర కథ దీనికి అడ్డం. చెరకు రసం కాచి పలుకు కట్టించే విద్య మనది. శర్కర అంటే సంస్కృతంలో మొదట గులకరాయి, గరుకు ఇసుక. అది పర్షియాలో షకర్, అరబ్బీలో సుక్కర్, ఇంగ్లీషులో షుగర్ అయింది. చైనా వాళ్లే మన దగ్గర నేర్చుకున్నారు. క్రీ.శ. 647లో థాంగ్ చక్రవర్తి థాయ్‌జోంగ్ చక్కెర వండే పద్ధతి తెలుసుకు రమ్మని మగధకు మనుషులను పంపాడని వాళ్ల చరిత్రలోనే ఉంది. అట్లాంటిది, తర్వాతి కాలంలో తెల్లగా శుద్ధి చేసిన రకానికి వాళ్ల పేరే పెట్టుకున్నాం, చీనీ అని! హిందీ, బెంగాలీ, ఒడియా, నేపాలీ అన్నింటా చీనీనే. దక్షిణ తమిళనాట, సింహళంలో సీని. పటికబెల్లానికేమో హిందీలో మిశ్రీ, అంటే మిస్ర్ దేశానిది, ఈజిప్టుది. ఇంట్లో పుట్టిన బిడ్డకు పక్కింటి వాళ్ల పేరు.

మరి పాత శర్కర ఏమైంది అంటారా? మన గుళ్లలో చక్కెర పొంగలి తినే ఉంటారు. అందులో వేసేది బెల్లమే కదా. చిన్నప్పుడు నేనూ అమ్మను అడిగాను, బెల్లం వేసి చక్కెర పొంగలి అంటావేమని. ప్రసాదానికి వంకలు పెట్టొద్దని నెత్తిన ఒకటి మొట్టింది. జవాబు తెలిసింది చాలా ఏళ్లకు. తమిళంలో చక్కరై అంటే పాతకాలంలో బెల్లం రకమే, మలయాళంలో శర్క్కర అంటే ఇవాళ్టికీ బెల్లమే. తెల్ల చక్కెర వచ్చి పేరు లాక్కుంది గానీ పొంగలి మాత్రం పాత అర్థాన్ని వదల్లేదు.

అన్నట్టు మూడో చీనీ ఒకటి ఉంది, పింగాణి. చీనీ మట్టి అంటారు హిందీలో. గోల్కొండ చివరి నవాబు తానీషాను 1687లో ఔరంగజేబు పట్టుకుని దౌలతాబాద్ కోటలో ఒక మహల్లో బందీగా పెట్టాడు. దాని పేరు చీనీ మహల్. చక్కెరతో కట్టింది కాదు, గోడలకు నీలం తెలుపు పింగాణి పలకలు అతికించారని ఆ పేరు. రామదాసును చెరసాలలో పెట్టిన ఆయనకు దొరికింది అందమైన పేరున్న చెరసాల.

మిగిలిన పేర్లు త్వరగా చెబుతా, కళ్లు లాగుతున్నాయి. మోసంబి అంటే మొజాంబిక్, ఆఫ్రికాది. బత్తాయి అంటే బటేవియా, డచ్చివాళ్లు ఇప్పటి జకార్తాకు పెట్టుకున్న పేరు. బెంగాలీలో బాతాబి అంటే ఇదే బటేవియా, కానీ వాళ్లకు పండు వేరు, పంపరపనస! పరంగి అన్న మాట కూడా అట్లాంటిదే. ఫరంగి, అంటే తెల్లదొరలది. మనకు పడమట కన్నడం వాళ్లకు పరంగి పండు బొప్పాయి, దక్షిణాన తమిళం వాళ్లకు పరంగికాయ గుమ్మడి. మధ్యలో చిత్తూరు వాడు సంతలో ఏది కొనాలి చెప్పండి.

మదనపల్లె టమోటా:

ఒప్పుకున్నా అయ్యవారూ. మా తాతకు చెప్తే ఊరుకోడు గానీ.

కువైట్‌లో రాయచోటోడు:

అయ్యవారూ, నేను స్కూల్లో ఉన్నప్పుడు మీలాంటి వాళ్లు ఒక్కరు తగిలి ఉంటే కువైట్ వచ్చి ఉండేవాణ్ణి కాదు.

మీరు చెప్పినవి కొన్ని నేను ఇక్కడ రోజూ నోటితో అంటున్నా, తెలీకుండానే. తొమ్మిదేళ్లుగా ఒక ఇంట్లో వంట చేస్తున్నా. మొదట్లో మామ (ఇక్కడ ఇంటి ఆడ యజమానిని అట్లనే అంటారు, మన మామ కాదు) "సీనియ్యా, సీనియ్యా" అని అరిచేది. ఏదో చక్కెర అడుగుతోందనుకుని చక్కెర డబ్బా పట్టుకుపోయినా. కాదు, సీనియ్య అంటే పళ్లెం, టీ కప్పులు పెట్టుకుపోయే ట్రే. అరబ్బీలో చైనాను సీన్ అంటారు, సీనియ్య అంటే చైనాది. ఆ కాలంలో మంచి పళ్లేలు అక్కడి నుంచి వచ్చేవంట. ఇప్పుడు ఇంట్లో ఉండే స్టీలు ట్రేని కూడా సీనియ్య అనే అంటారు. చక్కెరేమో సుక్కర్.

ఇక్కడ నారింజను బుర్తుఖాల్ అంటారు. పోర్చుగల్ పేరది! పోర్చుగీసు వాళ్లు తెచ్చి అమ్మినారు కాబట్టి. టర్కీ వాళ్లు పోర్టకాల్, గ్రీసు వాళ్లు పోర్టోకాలి అంటారని ఒక ఈజిప్టు డ్రైవర్ చెప్పినాడు. అంటే పోర్చుగీసోళ్లకు అది చైనా పండు, వాళ్ల దగ్గర కొన్నోళ్లకు పోర్చుగల్ పండు.

ఒకటి మాత్రం జాగ్రత్త. శబ్దం కలిస్తే చాలు చుట్టం అనుకోవద్దు. మాతో కెన్యా అతను ఒకడు పనిచేసేవాడు. ఫ్రిజ్ దించుతుంటే "చినీ! చినీ!" అని అరిచినాడు. చక్కెర ఎందుకురా ఇప్పుడు అనుకుంటూ నేను నా వైపు పైకే ఎత్తి పట్టుకున్నా. ఫ్రిజ్ వాలింది, నా కాలి బొటనవేలి గోరు పోయింది. వాళ్ల స్వాహిలీలో చినీ అంటే కిందికి. దానికీ చైనాకూ సంబంధమే లేదు. కానీ చక్కెరకు వాళ్ల మాట సుకారి, అది మాత్రం మన చక్కెరకు చుట్టమే, అరబ్బుల పడవెక్కి పోయింది.

తాడిపత్రి చీనీతోట:

పేర్ల సంగతి అయ్యవారు చెప్పినారు, కాయ సంగతి నేను చెబుతా. పదిహేనేళ్లుగా సాగు.

మా తోటలో చెట్టును చీనీ చెట్టు అంటాం. నర్సరీ వాళ్లు సాత్‌గుడి రకం అంటారు. లారీ ఎత్తుకునే ఢిల్లీ వ్యాపారి మోసంబి అంటాడు. బ్యాంకులో లోన్ కాగితం మీద స్వీట్ ఆరెంజ్. అన్ని పేర్లకూ ధర మాత్రం ఒకటే, వ్యాపారి చెప్పిందే ధర. టన్నుకు సూటు అని చెప్పి తూకంలో కోసుకునేటప్పుడు ఏ భాషలో మొత్తుకున్నా వినరు.

ఇది అచ్చంగా ఒక్క జాతి పండు కాదు, పంపరపనసకూ కమలా జాతికీ పుట్టిన సంకరం. అంటే టమోటా తమ్ముడి తాత పూర్తిగా తప్పు కాదు, పంపరపనస బిడ్డే ఇది, చిన్నిదే. ఇంకొకటి, దీన్ని విత్తనం వేసి పెంచం. రంగపూర్ నిమ్మ మొక్క మీద కన్ను అంటు కడతాం, కొందరు జంబేరి నిమ్మ మీద కడతారు. రంగపూర్ బంగ్లాదేశ్‌లో ఊరు. కాబట్టి పైన చైనా పేరు, కింద బంగ్లాదేశ్ పేరు, నీళ్లు మాత్రం ఎనిమిది వందల అడుగుల బోరువి.

జ్యూస్ అన్నా, ఎండాకాలం కాయ ఎంతకు కొంటున్నారు అక్కడ? ఊరికే తెలుసుకుందామని.

జ్యూస్‌కొట్టు తిరుపతి:

తాడిపత్రి అన్నా, ధర ఇక్కడ వద్దులే, నీకు మెసేజ్ పెడతా. చెప్తే నువ్వు బాధపడతావు.

అయ్యవారూ, మీరు రాసింది మా పిల్లోడికి రెండుసార్లు చదివి వినిపించినా. వాడికి పట్టింది ఒక్కటే, ప్యూర్టోరికో. అక్కడికి పాస్‌పోర్ట్ ఎంతవుతుందని అడుగుతున్నాడు. ఇప్పుడు హిందీ వాళ్లు ఎవరొచ్చినా ముందే చక్కెర డబ్బా ఒక చేత్తో, కాయ ఒక చేత్తో ఎత్తి చూపిస్తాడు, ఏ చీనీ వద్దో చెప్పమని. వాళ్లకు నవ్వొస్తోంది గానీ గ్లాసులు తప్పు పోవడం ఆగింది.

నేను పన్నెండేళ్లుగా బత్తాయి, మోసంబి అంటూనే ఉన్నా, అవి ఊర్ల పేర్లని తెలియదు. మొజాంబిక్, జకార్తా, చైనా, ఇన్ని ఊర్ల పేర్లు పెట్టుకున్న కాయ తాడిపత్రి నుంచి లారీలో వస్తోంది. నిన్న ఒకాయన రెండు మోసంబి అన్నప్పుడు పిల్లోడు "రెండు ఆఫ్రికా" అని నాకు కేకేసినాడు.

బోర్డు సంగతి. టమోటా తమ్ముడు చెప్పినట్టు చీనీ అనే రాయిద్దామని ఫోన్లో ఫ్లెక్స్ అతనికి చెప్పినా. "చీనీ జ్యూస్, చక్కెర లేకుండా కూడా దొరుకుతుంది" అని. ఈ పొద్దు తెచ్చి కట్టిపోయినాడు.

కట్టిందేమో "చిన్ని జ్యూస్" అని.

టమోటా తమ్ముడూ, మీ తాత గెలిచినాడు. పొద్దుటి నుంచి వచ్చినోళ్లంతా చిన్నిది వద్దు, పెద్దది ఎంత అని అడుగుతున్నారు.